ఉదయతార విన్నది

"చచ్చిపోయిన ఓడ కదే అది. పక్కకి ఒరిగి నీ మీద పడిందనుకో, ఎవులు లాగుతారు నిన్ను? ఆ గుజరాతీ ఒడ్డున మన మనిషన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా?"

కూతురు బ్యాగు జిప్పు లాగుతుంటే కామాక్షమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి అడిగింది. అప్పటికింకా ఏమీ జరగలేదు. అనకాపల్లి స్టేషన్‌కి వెళ్ళాల్సిన ఆటో కూడా రాలేదు. ఆవిడ కళ్ళ ముందు మాత్రం అప్పటికే రైలు ఒకసారి పట్టాలు తప్పింది, బ్యాగు ఒకసారి పోయింది, ఓడ రెండుసార్లు ఒరిగింది.

"ఒరగదమ్మా. పోటు మీద ఇసకలోకి ఎక్కించేస్తారు. ఆవు కూలబడ్డట్టు కూలబడిపోతాది," అంది విశాల.

"ఆవైనా తన్నుతాది."

విశాల నవ్వలేదు. కామాక్షమ్మ అసలు భయం అదే. ముప్పై ఆరేళ్ళ పిల్ల నవ్వడం మానేసి మూడేళ్ళు దాటింది.

విశాలాక్షి కమ్మరి వీరాచారికి ఒక్కగానొక్క కూతురు. బెల్లం వండే పెనాలకి అతుకులు వేసి బతికిన వీరాచారి, కొలిమి పక్కన చక్రం తిప్పుతూ పెరిగిన పిల్లని ఓడ ఇంజన్ల చదువు చదివించాడు. విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి జనాన్ని చేరవేసే ఉదయతారలో ఆమె పదకొండేళ్ళు పనిచేసింది. సెకండ్ ఇంజనీరయింది. వీరాచారి పోయినప్పుడు కూడా ఆమె నడిసముద్రంలోనే ఉంది. నిరుడు ఆ ఓడకి వయసైపోయిందన్నారు. తుక్కు కింద అమ్మేశారు. దానితోపాటే విశాల కూడా ఒడ్డున పడింది.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఆమెకి నిద్ర లేదు. నేల కదలకపోతే కన్ను మూతపడదంది. చివరికి వెట్ గ్రైండర్‌ని మంచం కోడుకి ఆనించి, నీళ్ళు పోసి ఉత్తినే తిప్పుకుంటూ, ఆ గురగురలో మధ్యాహ్నం ఓ గంట కునుకు తీసేది. మోటారు కాలుతుందేమో, షాకు కొడుతుందేమో అని కామాక్షమ్మ ఆ గంటా స్విచ్చి దగ్గరే పీట వేసుక్కూర్చునేది.

*

అసలిదంతా రెండు నెలల కిందట, విశాఖలోని ఒక పరిశోధనశాల నుంచి వచ్చిన ఫోనుతో మొదలైంది. ఉదయతార చప్పుళ్ళు గుర్తుపట్టగల మనిషి కావాలన్నారు. పిల్లని ఒంటరిగా ఏ గదిలో కూర్చోబెడతారో ఏమోనని కామాక్షమ్మ కూడా బయల్దేరింది.

అక్కడ బల్ల మీద, ఉదయతార నుంచి కోసి తెచ్చిన కంచమంత ఇనప ముక్క ఉంది. దాని మీద, దువ్వెన పళ్ళలాంటి సన్నని తీగలున్న పట్టీ ఒకటి చీమ నడకతో కదులుతోంది.

"ఇనుములో కంటికి కనపడని ముళ్ళు కోట్లకొద్దీ ఉంటాయనుకోండమ్మా," అన్నాడు ఆ యంత్రం కనిపెట్టిన డాక్టర్ ఫణికుమార్. బక్కపల్చటి మనిషి. చొక్కా జేబు మీద సిరా మరక. "దిక్సూచి ముళ్ళలాంటివి. చప్పుడు తగిలినప్పుడల్లా ఇంత పక్కకి తిరుగుతాయి. తిరిగినవి తిరిగినట్టే ఉండిపోతాయి. ఈ ఇనప చెవి వాటిని..."

"అది సరే బాబూ, ఆ తీగల్లో కరెంటు వస్తోందా? పిల్ల చెయ్యి దగ్గరెట్టింది."

ఆయన జవాబు చెప్పేలోగా గది నిండా ఓడ వచ్చేసింది.

స్టీలు కంచాల మోత. ఎవరో పసిపిల్ల ఏడుపు. బెంగాలీ, అరవం, తెలుగు కలగలిసిన కేకలు. పప్పు గరిటెని గిన్నె అంచుకి కొట్టి విదిలించిన చప్పుడు. మైకులో సగం సగం వినపడే ప్రకటన. అన్నిటికీ అడుగున, కడుపులోంచి వచ్చినట్టు, ఆగని ఇంజను మూలుగు.

"భోజనాల హాలు," అంది విశాల కళ్ళు మూసుకుని. "మూడో రోజు. మూడో రోజుకి వాంతులు ఆగి అందరికీ ఒకేసారి ఆకలేస్తాది. గరిటె ఎంత తొందరగా పడుతోందో చూడు."

కామాక్షమ్మ ఒక్కసారే ఆ ఓడ ఎక్కింది. నాలుగు రోజులూ లైఫ్ జాకెట్ విప్పలేదు. దాంతోనే పడుకుంది, దాంతోనే పెరుగన్నం తింది. ఆ నారింజరంగు మూటని చూడ్డానికి వంటవాడు గరిటె పట్టుకుని పైకొచ్చాడు. ఇంజన్ రూమ్‌లో నూనె పోసే భీమిలి కోదండమైతే మెట్ల కింద నుంచే కేకేశాడు: "ఓలప్పా, ఆ జాకెట్టు నువ్వు మునిగితే తేల్తాదిగానీ, నువ్వు తింటే అరగనివ్వదు!" ఎప్పుడు ఒడ్డొస్తుందా అని అప్పుడు గంటకోసారి దణ్ణం పెట్టుకుంది. ఇప్పుడు ఆ గదిలో కుర్చీ అంచు మీద కూర్చుని, ఆ ఒడ్డు రాకుండా ఉంటే ఎంత బావుండేది అనిపించింది ఆవిడకి.

రెండు నిమిషాలకి చప్పుడు ఆగిపోయింది.

"కంప్యూటర్లోకి వచ్చేసింది," అన్నాడు ఫణికుమార్ సంతోషంగా. "చదువుతుంటేనే ముళ్ళు తిన్నగా అయిపోతాయి. ఒక ప్లేటుని ఒక్కసారే చదవగలం. ఇంక ఇందులో ఏమీ లేదు."

విశాల ఆ ముక్క మీద అరచెయ్యి ఆనించింది, జ్వరం చూస్తున్నట్టు. "వట్టి ఇనుమైపోయింది," అంది మెల్లిగా. ఎటో చూస్తూ అడిగింది. "ఒక తలుపు పక్క గోడ ఉంది సార్. అది కూడా విని ఉంటాదా?"

ఏ తలుపో కామాక్షమ్మకి తెలుసు.

మూడేళ్ళ కిందట, పోర్ట్ బ్లెయిర్ ఇంకో పగలు ప్రయాణం ఉందనగా, జనరేటర్ గదిలో మంట పుట్టింది. పైన నాలుగువందల మంది జనం. గది తలుపు మూసి, మంటకి ఊపిరాడకుండా చేసే గ్యాసు వదలాలి. వదిలే ముందు లోపల ఎవరూ లేరని చూసుకోవాలి. పొగలో ఏమీ కనపడక విశాల తలుపు దగ్గర నిలబడి మూడుసార్లు కేకేసింది. ఇరవై దాకా లెక్కపెట్టింది. జవాబు లేదు. తలుపు మూసింది. గ్యాసు వదిలింది. ఓడ బతికింది, జనం బతికారు. తలుపు తీశాక లోపల కోదండం దొరికాడు. డెక్కు మీద హాజరు వేయించుకుని, ఎందుకో మళ్ళీ కిందకి దిగాడు.

గ్యాసు వదలక ముందే పొగకి స్పృహ తప్పి ఉంటాడని విచారణలో రాశారు. ఉంటాడు, అని. ఆ ఒక్కమాట విశాలని మూడేళ్ళుగా తొలుస్తోంది.

"గ్యాసు వదిలినప్పుడు గోడంతా అదిరే ఉంటుంది," అన్నాడు ఫణికుమార్ గెడ్డం గోక్కుంటూ. "అంత అదురు తగిలితే దానికి ముందున్న ఒకటి రెండు నిమిషాల చప్పుళ్ళు బిగుసుకుపోతాయి. తరవాతి చప్పుళ్ళు వాటిని చెరపలేవు. మంట ఆ గోడని తాకిందా?"

"లేదు. నేను నుంచున్న వైపు. చల్లగానే ఉంది."

"అయితే ఉంటుంది. మీ కేక ఉంటుంది. ఆయన పలికి ఉంటే అదీ ఉంటుంది."

బస్సులో తిరిగి వస్తూ కామాక్షమ్మ సబ్బవరం దాకా ఓర్చుకుంది. తరవాత అనేసింది. "పలికాడనే తెలిసిందనుకోవే. అప్పుడేటి సేత్తావు?"

విశాల కిటికీ వైపు తిరిగింది.

*

గుజరాత్ నుంచి విశాల రోజూ ఫోను చేసేది. చేయకపోతే అమ్మ ఏ పోలీసులకి చెబుతుందోనని ఆమె భయం.

"ముందువైపు కోసేశారమ్మా. గోడ తీసేసిన మేడలాగ ఉంది. మన కాబిన్ బయటికే కనపడతాంది, నువ్వు పడుకున్న మంచంతో సహా. రోడ్డు పొడుగునా దుకాణాలే. కంచాలు, దుప్పట్లు, అద్దాలు, అన్నీ మన ఓడవే. ఎవరో ఇంటికి ముఖం చూసుకునే అద్దం కొనుక్కెళ్తున్నారు. దాంట్లో ఎంతమంది వాంతి చేసుకుని ముఖం కడుక్కున్నారో వాళ్ళకి తెలీదు."

"నువ్వు కిందకి దిగలేదు కదా?"

"దిగాను."

"నా తల్లీ, నా ప్రాణం తియ్యకే..."

"ఇంజను మీద చెయ్యేశాను. చల్లగా ఉందమ్మా." అటుపక్క విశాల గొంతు సన్నబడింది. "పదకొండేళ్ళలో దాన్ని చల్లగా ఎప్పుడూ చూళ్ళేదు. ఇంజనుకి ఒంట్లో బాలేకపోతే ముందు మడమలకి తెలుస్తాది పిల్లా, అనేవాడు కోదండం మావ. ఎంతసేపు నుంచున్నా మడమలకి ఏమీ తెలీలేదు."

కామాక్షమ్మ "తిన్నావా?" అంది.

ఆ తలుపు పక్క గోడని గ్యాస్ కట్టరుతో కోయనివ్వలేదట. రంపంతో కోయించిందట. పలకంత ముక్కకి రెండు రోజులు పట్టింది.

*

శనివారం పొద్దున్న విశాల ఇల్లు చేరింది. తడిగుడ్డ చుట్టిన ఇనప ముక్కని ఒళ్ళో పెట్టుకుని రెండు రోజులు రైల్లో కూర్చునే వచ్చింది. పరిశోధనశాల మళ్ళీ సోమవారం గాని తెరవరు. ముక్కని మంచం కింద పెట్టి, తను కూడా కిందే, వట్టి నేల మీద పడుకుంది. ఒక చెయ్యి దాని మీద వేసుకుంది. గ్రైండర్ అడగలేదు. నిమిషంలో నిద్రపోయింది.

కామాక్షమ్మకి ముందు సంతోషమే కలిగింది. వీధిలో కూరగాయలావిడని కూడా అరవొద్దని సైగ చేసి పంపించింది. పదకొండయింది, పన్నెండయింది. పిల్ల లేవలేదు. ఒంటిగంటకి వంగి ఊపిరి చూసింది. విశాల పెదవులు కదులుతున్నాయి.

"పద్దెనిమిది... పందొమ్మిది..."

కాస్త ఆగి, మళ్ళీ ఒకటి నుంచి.

కామాక్షమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. పిల్ల చెయ్యి ఆ ఇనుము మీద లేదు, ఆ ఇనుమే పిల్ల చేతిని పట్టుకుంది అనిపించింది ఆవిడకి.

కమ్మరి ఇంట్లో చావు చూసిన ఇనుముకి ఒక పద్ధతి ఉంది. నూతిలో పడ్డవాళ్ళని పైకి తీసిన గేలం, మనిషి మీద నుంచి పోయిన బండి చక్రం పట్టా, ఇలాంటివి పనికొచ్చినప్పుడు వీరాచారి వాటి మీద తిన్నగా సుత్తి వేసేవాడు కాదు. ఓ పూట నిప్పు చూపించేవాడు. ఎందుకని ఎవరూ అడిగేవారు కాదు. అత్తగారు ఒక్కసారే చెప్పింది: అది ముందు సూసింది మరిచిపోవాలమ్మా, అప్పుడే మన సేతికి లొంగుతాది.

ఫణికుమార్ చెప్పిన ముళ్ళ సంగతి కామాక్షమ్మకి ఆ క్షణాన గుర్తే రాలేదు. గుర్తొచ్చినా, చప్పుడికి తిరిగే ముళ్ళు నిప్పుకేమవుతాయో ఏడో తరగతితో బడి మానేసిన మనిషికి తట్టేది కాదు. ఆవిడ ఆలోచన ఒక్కటే: పిల్ల లేచేలోగా కానిచ్చేయాలి. అందులో గొంతుక్కూచున్న చావు పోతుంది. ముక్క ఎక్కడికీ పోదు.

పెనిమిటి పోయాక అయిదేళ్ళుగా చల్లారి ఉన్న కొలిమిలో బొగ్గులు పోసింది. కిరసనాయిలు చుక్క వేసి అంటించింది. గాలి చక్రం తిప్పింది. తడిగుడ్డ విప్పి ముక్కని నిప్పుల అంచు మీద వాలుగా ఆనించింది. నడుముకి కొంగు బిగించి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ, ఇంకో చేత్తో దణ్ణం పెడుతూ, "మరిచిపో తల్లీ, మరిచిపో," అంటూ కూర్చుంది. నీళ్ళ చుక్క వేస్తే అది గెంతి మాయమైంది. చాలనుకుంది. పట్టకారుతో తీసి ఇసకలో చల్లార్చి, మళ్ళీ గుడ్డ తడిపి చుట్టి, మూడయ్యేసరికి మంచం కింద పెట్టేసింది.

విశాల అయిదింటికి లేచింది. ముద్దపప్పు రెండుసార్లు వేయించుకుంది. "నిద్ర పట్టిందమ్మా," అంది ఆశ్చర్యంగా. పెదవి చివర నవ్వులాంటిది కదిలింది.

ఆ సాయంత్రం కామాక్షమ్మ వీరాచారి ఫొటో ముందు దీపం పెట్టి, చూశావా, నీ పద్ధతి తప్పలేదు, అని చెప్పుకుంది.

*

సోమవారం ఫణికుమార్ ముక్కని రెండు చేతులా అందుకున్నాడు.

"ఫోన్లో చెప్పినట్టే తెచ్చారు కదా? దెబ్బా వేడీ తగలకుండా?"

"తడిగుడ్డలోనే ఉంచాను సార్."

"ఎందుకింతలా అడుగుతున్నానంటే, దెబ్బ తగిలినా కొంత మిగులుతుంది. వేడి తగిలితే ముళ్ళన్నీ చెదిరిపోతాయి. ఇనుముకి ఇంకేమీ గుర్తుండదు."

కామాక్షమ్మ పక్కనున్న కుర్చీ చేతిని పట్టుకుంది. అత్తగారి మాటే, పాంటూ చొక్కా తొడుక్కున్న మనిషి నోటంట. పుట్టిన దగ్గర్నుంచీ ఆవిడ రైళ్ళకి భయపడింది, కరెంటుకి భయపడింది, సముద్రానికి భయపడింది. తన చేతులకి మాత్రం ఏనాడూ భయపడలేదు.

చెప్పేయాలనుకుంది. పోనీ మంచిదేనేమో అని కూడా అనిపించింది. అంతా చెరిగిపోయుంటే పాడు మాట కూడా చెరిగిపోయినట్టే కదా. అలా అనుకుంటుండగానే దువ్వెనలాంటి ఆ పట్టీ కదిలింది.

మొదట గంట. ఆగకుండా, చెవులు చిల్లులు పడేలా. బూట్ల పరుగు. నీళ్ళ గొట్టం బుసబుస. అంతలో ఒక గొంతు.

"లోపల ఎవరైనా ఉన్నారా?"

కామాక్షమ్మ ఉలిక్కిపడింది. విశాల గొంతే. కానీ ఇంట్లో ఎప్పుడూ వినని గొంతు. చీకట్లో తప్పిపోయిన అయిదేళ్ళ పిల్ల గొంతు.

"ఎవరైనా ఉంటే పలకండి! కోయీ హై? పలకండి!"

మూడుసార్లు. తరవాత ఆ గొంతే వణుకుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడు. బల్ల పక్కన నిలబడ్డ విశాల పెదవులు దాంతోపాటే కదులుతున్నాయి. అయిదు. ఆరు. అవతల నుంచి ఏమీ లేదు. ఎనిమిది. తొమ్మిది. విశాల ముఖం మెల్లిగా సడలుతోంది. పది. పదకొండు.

ఆ తరవాత పెంకుల మీద వానలా రొద. అంతే. దువ్వెన అంచు దాకా నడిచి ఆగింది.

"పలకలేదు," అన్నాడు ఫణికుమార్ మెల్లిగా. "ఆయన పలకలేదమ్మా."

విశాల కళ్ళు నిండాయి. ఊపిరి ఒక్కసారి తీసుకుంది. వదలలేదు.

"నేను ఇరవై దాకా లెక్కపెట్టాను సార్. పన్నెండు ఏదీ?"

ఆయన తెర మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు. "ఇక్కణ్ణుంచి వేడి తగిలింది," అన్నాడు చివరికి. "ఓ పక్క నుంచి పాకింది. కోసేటప్పుడు టార్చ్ ఏమైనా..."

"రంపం. నేను పక్కనే ఉన్నాను."

"అయితే అప్పటి మంటే అయ్యుండాలి. గోడ వెనక నుంచి తగిలి ఉంటుంది. అదే అయ్యుండాలి."

అయ్యుండాలి. ఉంటాడు. ఉంటుంది. కామాక్షమ్మకి ఆ మాటలు ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డట్టయింది.

"చెయ్యి ఆనించే ఉన్నాను సార్ ఆ గోడకి. చల్లగా ఉంది." విశాల ముక్కని తిప్పి చూసింది. అంచున నీలం రంగు చార ఒకటి తేలి ఉంది. కమ్మరి పిల్ల. ఆ రంగేమిటో ఆమెకి తెలుసు. అయినా తల్లి వైపు చూడలేదు. ఇనుము వైపే చూస్తూ అడిగింది. "ఎవరు కాల్చారు?"

ఫణికుమార్ యంత్రం ఆపేశాడు. ఫ్యాను తిరుగుతోంది. బయట వరండాలో ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ వెళ్ళారు, వచ్చారు, మళ్ళీ వెళ్ళారు.

ఊరుకోవచ్చు. ఊరుకుంటే తప్పు ఆ ఓడ మంట మీదికే పోతుంది. పదకొండు దాకా పలకనివాడు ఆ తరవాత మాత్రం ఏం పలుకుతాడులే అని రేపో ఎల్లుండో పిల్లే సర్దుకుంటుంది. నిద్రపోతుంది, పప్పు రెండుసార్లు వేయించుకుంటుంది. చెబితే ఆ తొమ్మిది అంకెలూ ఇంక ఈ జన్మకి తెలియవు. తెలియకుండా చేసింది ఎవరో మాత్రం తెలుస్తుంది. కన్నకూతురు ఇక తన చేతి ముద్ద తింటుందో తినదో. ఇల్లు విడిచి వెళ్ళిపోతుందేమో. ఇంకో ఓడ ఎక్కేస్తుందేమో. అది మునుగుతుందేమో.

విశాల అలాగే నిలబడి ఉంది, తల కాస్త పక్కకి వంచి. అవతల నుంచి ఎవరైనా పలుకుతారేమోనని తలుపు దగ్గర నిలబడ్డ మనిషిలా. మూడేళ్ళుగా ఈ పిల్ల ఇలాగే నిలబడి ఉంది. పాడు జవాబు వస్తుందేమోనని భయపడింది తనే. పిల్ల భయం అది కాదు, ఏ జవాబూ రాకపోవడం.

కామాక్షమ్మ కుర్చీ చేతిని వదిలేసింది.

"నేనే విశాలా," అంది. "నాన్న కొలిమిలో ఎట్టింది నేనే."